బరకం పరిచావా?

మా మావయ్య పోయాడు. మా అమ్మకు తమ్ముడు. తెనాలిలో ఉండేవాడు, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. రేపల్లె వైపు కాలువ కట్ట మీద రోజూలాగే సైకిలు తొక్కుతూ పక్కకు ఒరిగిపోయాడట. వెంట పరిగెత్తే కుక్క గోల చేస్తే గడ్డి కోసుకునేవాళ్లు వచ్చి చూశారు. కబురు తెలిసేసరికి నేను బాపట్లలో పొయ్యి మీద అన్నం పెట్టి ఉన్నాను. తెనాలి చేరేదాకా “ఏం కాదు, ఏం కాదు” అనుకుంటూనే ఉన్నాను. అప్పటికే అంతా అయిపోయింది.

పోయినవాళ్లను తలుచుకుంటే ఎవరికైనా వాళ్ల ముఖం గుర్తొస్తుంది. నాకు కారు డిక్కీ గుర్తొస్తోంది. నవ్వకండి, సంగతి చెబుతాను.

మావయ్యకు సైకిలన్నా కుక్కన్నా ప్రాణం. అత్తయ్యకు కారంటే ప్రాణం. కుక్క పేరు బూరె. పిల్లప్పుడు గుండ్రంగా, అప్పుడే నూనెలోంచి తీసిన రంగులో ఉండేదని ఆ పేరు పెట్టాడు. ఊళ్లో లారీల మధ్య సైకిలు తొక్కడం ఇష్టం లేక, సైకిల్నీ బూరెనీ డిక్కీలో ఎక్కించుకుని కట్ట దాకా కారులో వెళ్లేవాడు. ఆ కట్ట మీది రేగడి మట్టి సంగతి ఈ పక్కవాళ్లకు చెప్పనక్కర్లేదు, పడితే వదలదు. కారు కొన్న కొత్తలో డిక్కీ తెరిచి చూసిన అత్తయ్య, “ఏవండీ, ఇది కారా, గొడ్ల చావిడా?” అని అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించిందంటారు.

దాంతో మావయ్య బరకం కనిపెట్టాడు. చెరుకుపల్లి పొలంలో ధాన్యం ఆరబోసే బరకం, అదే నీలం టార్పాలిను పట్టా, ఒకటి చిరిగితే, అందులో బాగున్న ముక్క కోయించి, అంచులు కుట్టించి, మూలలకు తాళ్లు కట్టాడు. ముందు డిక్కీలో గోనెసంచి వేసేవాడు. దాని మీద బరకం. అది ముందువైపు సీటు వీపు మీదకు ఎక్కాలి, పక్కల గోడల్లా లేవాలి, వెనక బంపరు మీదకు జానెడు వేలాడాలి. ఆ వేలాడేదాన్ని తోక అనేవాడు. “కుక్కకుంటే సరిపోదమ్మాయ్, కారుకీ ఉండాలి తోక. లేకపోతే దూకినప్పుడల్లా గోళ్లు గీసుకుపోతాయి” అనేవాడు. సైకిలు ముందు చక్రం ఊడదీసి, చైను పైకి ఉండేలా పడుకోబెట్టి, పెడలుకు తన పాత బనియను చుట్టేవాడు. అన్నీ అయ్యాక “పరిచానురా బూరె” అంటే అది ఎక్కేది. ఆ మాట వినపడందే బిస్కెట్టు చూపించినా ఎక్కేది కాదు. పిల్లల్ని వరసలో నిలబెట్టిన మనిషికి కుక్కొక లెక్కా!

తిరిగొచ్చాక బరకాన్ని తుడవనిచ్చేవాడు కాదు. “తడి మీద తుడిస్తే పులుముకుంటది. ఎండనివ్వు, అదే రాలుద్ది” అని ప్రహరీ గోడ మీద ఆరేసేవాడు. సాయంత్రం ఒక్క దులుపు దులిపితే బరకం మళ్లీ నీలంగా అయ్యేది.

రాను రాను అది ఆయన ఊతపదమైపోయింది. ఎవరు ఏ పని మొదలెట్టినా “బరకం పరిచావా?” అనేవాడు. ఒకసారి మా ఆడపడుచుతో అమీతుమీ తేల్చుకుంటానని చీర కట్టుకుని బయలుదేరాను. బూరెను సముద్రంలో ఆడించి వస్తూ మా ఇంటి ముందు కారాపిన మావయ్య, నా వాలకం చూసి ఆ ప్రశ్నే వేశాడు.

“అంటే ఏంటి మావయ్యా?”

“మట్టి ఎటూ పడుద్ది. ఎక్కడ పడాలో ముందే చూసుకోవాలిగా?”

లోపలికి వెళ్లి చీర మార్చుకున్నాను. ఆ ఆడపడుచుతో ఈ రోజుకీ మాటలున్నాయంటే ఆయన పుణ్యమే.

ఆయన పోయిన రోజు మాత్రం ఎవరూ బరకం పరవలేదు. ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టిన కంగారులో ఎవరో సైకిల్నీ బూరెనీ ఉన్నపళంగా డిక్కీలోకి తోసేశారు. ఆ రోజు తడిగా ఉందని ఆయన కట్ట మీద ఆరేసిన బరకం అక్కడే ఉండిపోయింది, తర్వాత మడిచి తెచ్చిచ్చారు. డిక్కీ నిండా నల్లమట్టి. ఓ పక్కన టైరు గీత, దాని మీద బూరె పాదాలు.

ఆ రోజునుంచీ బూరె కారు వెనకే కూర్చుంది. ముద్ద ముట్టదు. పెరుగన్నం పెట్టాను, కోడికూర తెప్పించాను, నోరు పెగలదీసి పాలు పోశాను. పాలు పక్కనుంచి కారిపోయాయి. పక్కటెముకలు తేలాయి. పశువుల డాక్టరుగారు ఇంటికొచ్చి సూది వేసి, “మందు పోయగలనమ్మా, ఆకలి పోయలేను” అని వెళ్లిపోయారు. అది కూడా పోతే ఈ ఇంట్లో అత్తయ్య ఎవర్ని తిడుతూ బతుకుతుంది? ఫొటోలో నవ్వుతున్న మావయ్య మీద కోపం కట్టలు తెంచుకుంది. ఎండితే అదే రాలుద్దన్నావు, ఏదీ, ఏం రాలింది అని దండ వేసిన ఫొటోతో పోట్లాడాను.

మైల శుద్ధి రోజు ఇల్లంతా కడిగారు, బట్టలన్నీ తడిపారు. “కారు కూడా కడిగించండే, అందులోనేగా తెచ్చారు” అంది పెద్దమ్మ. గొట్టం పట్టుకుని మనిషి వచ్చి డిక్కీ తెరిచాడు. అత్తయ్య పరుగున వెళ్లి డిక్కీకి అడ్డంగా నిలబడింది.

“వద్దు వదినా. మట్టి మట్టి అని ఇన్నేళ్లూ ఆయన ప్రాణం తోడేశాను. ఆయన చివరగా తొక్కిన మట్టి ఇదొక్కటే మిగిలింది. దీని మీద నీళ్లు పడ్డాయంటే నేనుండను.”

గొట్టం మనిషి నీళ్లు కట్టేశాడు. అత్తయ్య బంపరుకు ఆనుకుని కూలబడింది. ఎదురుగా బూరె. అంత దగ్గరగా వాళ్లిద్దర్నీ నేనెప్పుడూ చూడలేదు. దాన్ని ఆవిడ ‘ఇది’ అనడమే తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు.

“ఇది దేనికోసం కూర్చుందో నాకు తెలుసమ్మాయ్” అంది. “మొదటిరోజునుంచీ తెలుసు. బరకం కోసం. నేనే పరవలేదు.”

“ఎందుకత్తయ్యా?”

“పరిస్తే ఇది ఎక్కుద్ది. ఎక్కితే కింద ఆ మట్టంతా పొడైపోద్ది.”

అత్తయ్య బూరె వంక చూసింది. అది డిక్కీ వంకే చూస్తోంది. అత్తయ్య మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, లోపలికి వెళ్లి బరకం తెచ్చింది. టైరు గీత మీద అరచెయ్యి ఒకసారి ఆనించి తీసింది. తర్వాత పరిచింది. సీటు మీదకు ఎక్కించింది, పక్కలు లేపింది, తాళ్లు కట్టింది. ఆయన్ని తిడుతూ ఇదంతా ఎప్పుడు నేర్చుకుందో మరి! చివరికి తోక లాగి బంపరు మీద వేసింది.

“పరిచానురా బూరె.”

బూరె తల తిప్పింది. లేవబోయి వెనక కాళ్లు మడతపడ్డాయి. మళ్లీ లేచింది. ముందు కాళ్లు బరకం తోక మీద వేసి ఆగిపోతే అత్తయ్య దాని నడుము కింద చెయ్యి పెట్టి ఎత్తింది. అది లోపలికి పాకి, ఒక చుట్టు తిరిగి, సైకిలుకు చోటు వదిలి ఓ మూలకు పడుకుంది. బరకం కింద ఎండిన మట్టి పటపటా విరిగింది.

అత్తయ్య కళ్లు మూసుకుని ఆ చప్పుడు ఆగేదాకా విన్నది. ఆగాక, పెరుగన్నం కలిపి తెచ్చి, ముద్ద ఉన్న చెయ్యి లోపలికి చాపి అలాగే పట్టుకుని నిలబడింది.