ఉత్తరపు గోడ మీది మనిషి

సాల్టర్‌బీ చర్చి ఊడ్చే పని కెజీయా లార్టర్‌కు అత్తగారి నుంచి వచ్చింది. చుట్టుపక్కల ఎక్కడా రాతి గని లేని నేల అది. పూర్వం వాళ్లు పొలాల్లో ఏరిన చెకుముకి రాళ్లతోనే గోడలు లేపారు. మూలలు తిప్పడానికి చెక్కుడు రాయి దొరక్క గంటగోపురాన్ని గుండ్రంగా కట్టారు. పైన రెల్లు కప్పు. తర్వాతి తరాల వాళ్లు దక్షిణం వైపు పెద్ద కిటికీలు పెట్టుకున్నారు గానీ ఉత్తరపు గోడ జోలికి ఎవరూ పోలేదు. అది బారెడు మందాన, సన్నటి కిటికీలతో, ఎప్పుడూ చెమ్మగా ఉండేది.

ఆమె భర్త ఆమోస్ సరుకుల పడవతో సహా ఏట్లో మునిగిపోయాడు. ఆ చలికాలమే ఉత్తరపు గోడ మీది సున్నం పెచ్చు ఒకటి ఊడి ఆమె చీపురు ముందు పడింది. చూస్తే, గోడలోంచి ఒక కన్ను తన వంకే చూస్తోంది. గోటితో మెల్లగా గీకింది. గడ్డం వచ్చింది, భుజం మీద పసివాడు వచ్చాడు, మోకాళ్ల దాకా నీళ్లు, నీళ్లలో చేపలు. బాల క్రీస్తును ఏరు దాటించిన పరిశుద్ధ క్రిస్టోఫర్!

చర్చిలో బొమ్మలంటే గిట్టని ముసలి పాదిరి చూస్తే మళ్లీ సున్నం కొట్టించేస్తాడు. అందుకని శవపేటికల మీద కప్పే పాత నల్లగుడ్డను అక్కడ మేకుకు తగిలించింది. ఎవరూ లేనప్పుడు గుడ్డ ఎత్తి, "ఇంతమందిని దాటించావు గదా, మా ఆమోస్ ఒక్కడే బరువయ్యాడా నీకు?" అని దెబ్బలాడేది.

ముసలాయన పోయాక ఆస్టిన్ ప్రిడో అనే కొత్త పాదిరి వచ్చాడు. కెజీయా కూతురు గొంతు జబ్బుతో మంచం పట్టినప్పుడు ఆయన అంటుకుంటుందని భయపడకుండా పక్కన కూర్చున్నాడు. పిల్ల దక్కలేదు. మంచులో బండి నడవకపోతే, ఆ చిన్న పెట్టెను తన భుజం మీదే పెట్టుకుని సమాధి దాకా మోశాడు. ఆ వారమే కెజీయా ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నల్లగుడ్డ తొలగించింది.

ప్రిడో మోకాళ్ల మీద కూలబడ్డాడు. "కెజీయమ్మా, నేనున్నంత కాలం ఈ గోడ మీద ఎవరి చెయ్యీ పడదు. ఇది నా మాట" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

రోజూ మధ్యాహ్నం రంగులు తెచ్చుకుని ఆ బొమ్మను కాగితం మీదికి ఎక్కించుకునేవాడు. ఆమె దీపం పట్టుకుని నిలబడేది, ఇంటి నుంచి రొట్టె, జున్ను తెచ్చి పెట్టేది.

కొన్నాళ్లకు, పాదిరికి ఆ కొలువిచ్చిన ఊరి దొరసానికి ఒక కోరిక పుట్టింది. తమ కుటుంబానికి వేరే బల్లలు, పక్కన వాయిద్యం పెట్టుకునే చోటు కావాలట. ఉత్తరపు గోడ కొట్టేస్తే చర్చి అటువైపు పెరుగుతుంది. ఊరివాళ్లను పిలిచి కూర్చోబెట్టారు. కెజీయా వెనక నిలబడింది, భయం లేకుండా. పాదిరి అయ్యగారున్నారు గదా.

అయ్యగారు లేచి, కప్పు దూలాల వంక చూస్తూ, "గోడ బీటలిచ్చింది. ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు" అన్నాడు.

వసారాలో కెజీయా ఆయన దారికి అడ్డం నిలబడింది. "ఎక్కడయ్యా బీటలు? నాకు చూపించండి."

"బొమ్మ కాగితం మీద భద్రంగా ఉందమ్మా. నీకు అర్థంకాని సంగతులు కొన్నుంటాయి."

పని మొదలైంది. తాపీ మేస్త్రీ ఓబద్యా బెట్స్ చెమటలు కక్కుతూ, "బీటలని ఏ దద్దమ్మ కూశాడే అక్కా? నా గునపం వంగిపోయింది చూడు!" అన్నాడు. క్రిస్టోఫర్ పెళ్లలు పెళ్లలుగా తోపుడుబండిలోకి వెళ్లాడు. చిత్తడి దారి పూడ్చడానికి వాటిని వాడేశారు.

కొత్త కట్టడాన్ని ప్రతిష్ఠించడానికి బిషప్పుగారు వచ్చారు. ప్రిడో వేసిన బొమ్మను బంగారు చట్రంలో నిలబెట్టారు. "సున్నం కింద మరుగుపడిన దీన్ని మీ పాదిరిగారు స్వయంగా కనిపెట్టారు. గోడ నిలవకపోయినా చిత్రాన్ని కాపాడారు" అని బిషప్పుగారు పొగిడారు. అందరూ ప్రిడో వంక తిరిగారు. కెజీయా కూడా తిరిగింది. ఇప్పుడైనా లేచి ఒక్క ముక్క చెబుతాడనుకుంది. ఆయన వినయంగా తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే ఆయన ఆమె గుమ్మంలోకి వచ్చాడు. "బిషప్పుగారి మాటకు అడ్డు తగలడం బాగుండదని ఊరుకున్నాను, కెజీయమ్మా."

"మీరు పిల్లను మోసినందుకు చూపించానయ్యగారూ" అంది ఆమె. "లేకపోతే చచ్చినా చూపించేదాన్ని కాదు." చర్చి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి తలుపు వేసుకుంది.

ఆ ఆదివారం నుంచి ఆమె, చర్చి నుంచి విడిపోయిన మెథడిస్టులు కొట్టాంలో జరుపుకునే ప్రార్థనకు వెళ్లసాగింది. అక్కడ పీఠం లేదు, బొమ్మలు లేవు, కోళ్ల వాసన. పాటలు తెలియక పెదవులు మాత్రం కదిపేది. పాత చర్చిలో పెరిగిన మనిషికి అది ఎంత కష్టమైందో ఎవరికీ చెప్పలేదు.

ఏళ్లు గడిచాక ప్రిడో దారిలో ఎదురై, టోపీ తీసి, "ఇంకా నా మీద కోపమేనా?" అని అడిగాడు.

"కోపం ఎప్పుడో పోయిందయ్యా. మీరేదైనా చెబితే నమ్మబుద్ధి కావడమూ దాంతోనే పోయింది."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఆమె పాలబిందె చెయ్యి మార్చుకుని, వాన వచ్చేలోపు ఇల్లు చేరాలని గబగబా నడిచింది.