మెట్ల గోడ మీద ఏరు

కువైట్‌లోని ఫర్వానియాను భూకంపం ఊపిన ఉదయం నేను కూలుతున్న గోడల మధ్య నుంచి పరుగెత్తుతూ ఫోటోలు తీశాను. అయిదంతస్తుల మా భవనం ఊయలలా ఊగింది. హాహాకారాలతో వీధి దద్దరిల్లింది.

నిజం చెప్పమంటే, కూలిన గోడ ఒక్కటీ లేదు. భూమి కదిలింది నాలుగైదు క్షణాలు. హాహాకారం చేసింది నేనొక్కణ్ణే. అప్పుడు గడ్డం గీసుకుంటున్నాను. సగం మొహానికి నురుగు పెట్టుకుని లుంగీతో వీధిలోకి వెళితే, రొట్టెల కోసం వరుసలో నిలబడ్డ జనం నన్నే వింతగా చూశారు.

అయితే పగులు మాత్రం పడింది. మా మెట్ల గోడ మీద, రెండో అంతస్తు నుంచి కింది దాకా, వంకర్లు తిరుగుతూ పోయి అడుగున మూడు పాయలైంది. వెంట్రుకంత సన్నం. చిటికెన వేలి గోరు కూడా దూరదు.

నాది ఇఖామాలకూ, అంటే ఇక్కడి నివాస కార్డులకూ, వీసాలకూ ఫోటోలు తీసే పని. మొటిమలు, గాట్లు చెరిపి మొహాలు నున్నగా చేసి ఇస్తాను. ఇన్నేళ్లుగా మచ్చలు మాయం చేసిన చేతికి ఆ రోజు ఒక మచ్చను పెద్దది చేయాలని దురద పుట్టింది. దీపం పక్క నుంచి వేసి, లెన్సును గోడకు ముద్దు పెట్టేంత దగ్గరగా తెచ్చి నొక్కాను. ఫోటోలో అది పగులు కాదు, లోయ. ‘మా భవనం చీలిపోయింది, దేవుడి దయవల్ల బతికాం’ అని రాసి మా రాయచోటి వాళ్ల గ్రూపులో పెట్టాను.

మధ్యాహ్నం అన్నం వేళకు అది ఊరంతా తిరిగింది. సాయంత్రానికి భవనం యజమాని ఫోనులోకి చేరింది. కాపలా చూసే ఈజిప్టు హారిస్ తలుపు తలుపూ తట్టి చెప్పాడు. “ఖలాస్. వారంలో అందరూ ఖాళీ.”

గదికి ఆరేడు మంచాలున్న ఇల్లు అది. అంతమందికి వారంలో వేరే చోటు ఎక్కడ దొరుకుతుంది? మూడో అంతస్తులో గోదావరి జిల్లా నర్సమ్మ ఉంటుంది, భర్త, ఇద్దరు పిల్లలతో. పిల్లల బడి పక్క వీధిలోనే. ఆమె మెట్ల మీద నన్ను ఆపింది.

“బాబాయ్ గారూ, మీరు చేసిన పనికి పెట్టెలు సర్దుకుంటున్నామండి. ఇంత మంచి ఫోటో నా ఇఖామాకి తియ్యలేదేమండీ?”

ఆ వెంట్రుకంత పగుల్లోకే దూరిపోదామనిపించింది. ఇది అతిశయోక్తి కాదు.

అహ్మదిలో కట్టడాల పని చూసే మా గది కుర్రాడు, మా ఊరివాడే, పగులును తడిమి చూశాడు. వాడికి నలభై ఏళ్లు దాటినా నాకు కుర్రాడే.

“తాతా, గోడ ఇంకా కదుల్తాందో లేదో గాజు చెప్తాది. పగులుకు అడ్డంగా గాజు ముక్కలు అతికించాల. గోడ జరిగితే గాజు పటుక్కుమంటాది. నువ్వు రోజూ ఒకే టైముకి, ఒకే చోటు నుంచి ఫోటో తీయి. పక్కన స్కేలు పెట్టు. నీ కళలు చూపించొద్దు.”

హారిస్ బతిమాలగా యజమాని రెండు వారాలు గడువిచ్చాడు. ఆ తర్వాత ఇంజనీరును తెస్తానన్నాడు. పాత ఫోటో ఫ్రేముల అద్దాలు కోసి పదకొండు చోట్ల అతికించాం. రోజూ ఉదయం ఆరింటికి స్టాండు వేసేవాణ్ణి. జీవితంలో అంత చప్పగా ఎప్పుడూ ఫోటోలు తీయలేదు.

నాలుగో రోజు ఒక గాజు విరిగింది. ఇల్లంతా గగ్గోలు. మళ్లీ భూమి కదిలిందని నేనే ముందు అరిచాను. నిజానికి కదిలింది నా స్టాండు కాలు. పొద్దున్నే నిద్రమత్తులో గాజుకు తగిలించాను. కొత్త గాజు అతికించేసి నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ నర్సమ్మ పెట్టెకు తాడు బిగిస్తూ కనిపించింది. విరిగిన గాజును ఫోటో తీసి, ‘ముసలాడి స్టాండు తగిలింది’ అని కిందే రాసి గోడకు అంటించాను.

“నీ కాళ్లు కట్టేయాల తాతా!” అన్నాడు కుర్రాడు.

ఇంకెవరూ గోడకు భుజం ఆనించకుండా పగులుకు రెండు పక్కలా నీలం గీత గీస్తానంది నర్సమ్మ. పిల్లల రంగులు తెచ్చి గీసింది. చూస్తే అచ్చం ఏరు.

“గోదారేనండి. చూడండా వొంపు!”

“యాడ గోదారమ్మా? మా చెయ్యేరు!” అన్నాడు కుర్రాడు.

హారిస్ అడుగున ఉన్న మూడు పాయలు చూపించి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. “ఇది నైలు! ఇదిగో మా అమ్మ ఇల్లు!” అని ఒక ఇల్లు వేశాడు. అంతే, తర్వాత ఎవరూ ఆగలేదు. బంగ్లాదేశ్ వాళ్లు పడవ వేశారు. మావాళ్లు మామిడి తోట వేశారు. పగులునూ గాజులనూ ముట్టుకోకుండా గోడంతా ఒడ్లు నిండాయి.

గడువు రోజున యజమాని ఇంజనీరుతో వచ్చాడు. ఇంజనీరు నా ఫోటోలన్నీ మెట్ల మీద పరిచి, ఒక్కో గాజునూ వేలితో తడిమాడు. అందరం పై మెట్ల మీద నిలబడి చూశాం. యజమాని ఫోనులో నా లోయను చూపించి అడిగాడు. “ఇది ఎవరు తీశారు?”

డెబ్భై మందిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. చెయ్యి ఎత్తాను. నాకు వచ్చిన ముక్కల అరబ్బీలో చెప్పాను. ఆ ఫోటో అబద్ధం, ఈ ఫోటోలు నిజం, తప్పు నాది, వీళ్లది కాదు.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంజనీరు లేచి చేతులు దులుపుకున్నాడు. “గోడ కదల్లేదు. పగులు పైపూతకే. నింపితే చాలు.”

యజమాని ఏటి ఒడ్డున వేలు పెట్టి కిందికి నడిపించాడు. పాయలు ముగిసే చోట ఆగాడు. “నింపండి. బొమ్మ చెరపకండి. యల్లా, ఉండండి అందరూ.”

హారిస్ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఈలలు, చప్పట్లు, ఏడుపులు కలిసి అయిదంతస్తులూ మోగాయి. ఖాళీ చేయాల్సి వస్తుందేమోనని కిందికి దించిన పెట్టెలన్నీ, మంచాలన్నీ గోడకు తగలకుండా జాగ్రత్తగా పైకి ఎక్కసాగాయి. ఆ ఊరేగింపును ఫోటో తీయబోతుంటే నర్సమ్మ పిలిచింది.

“బాబాయ్ గారూ, కెమెరా పక్కనెట్టి ఈ పెట్టె పట్టండి.”

పట్టాను. మూడంతస్తులు ఒంటిచేత్తో మోశాను. సరే, ఆరు మెట్లు మోశాను. మిగతావి కుర్రాడు మోశాడు.