పుస్తకానికి నత్తి వచ్చిన రోజులు

ఆఫీసులో ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. అందరికీ చెవిగారే. చిన్నప్పుడు జ్వరంలో చూపు పోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు విని వచ్చేదెవరో, తలుపు వేసిన తీరు విని వాళ్లకు కోపమొచ్చిందో లేదో చెప్పేస్తాడని బావమరిది పెట్టిన పేరది. ఆయనకూ నచ్చింది. ఫోన్ ఎత్తి "చెవిని మాట్లాడుతున్నా" అంటాడు.

ఆయన పనిచేసేది ఫోన్లో పుస్తకాలు వినిపించే గ్రంథాలయంలో. చూపు లేనివాళ్లు, మంచం మీదనుంచి లేవలేనివాళ్లు ఫోన్ చేస్తే, క్రితంసారి ఎక్కడ ఆపారో అక్కడినుంచి పుస్తకం మళ్లీ మొదలవుతుంది. చదివి రికార్డు చేసినవన్నీ పై అంతస్తులో, ఒకప్పటి సామాన్ల గదిలో ఉన్న సర్వర్‌లో ఉంటాయి. దాని బాగోగులు చూడటం ఆయన ఉద్యోగం. కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివిపెట్టే గొంతొకటి ఆయన చెవిలో ఎప్పుడూ మోగుతుంటుంది. దాన్ని ఎంత వేగంగా పెట్టుకుంటాడంటే, పక్కవాళ్లకు రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టుంటుంది. "అందులో మాటలున్నాయా?" అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. "ఉన్నాయి. మీతో పనిలేని మాటలు" అంటాడు.

ఆయన భార్య కింది స్టూడియోలో, బయటి చప్పుడు రాకుండా గోడలకు ఫోమ్ అట్టలు అంటించిన గదిలో కూర్చుని పుస్తకాలు చదువుతుంది. ఆవిడ తమ్ముడు పైన టేపుల గదికి పెద్ద. అంటే బావ, బావమరిది ఒకే వరండాకు ఆ చివరొకరు, ఈ చివరొకరు. ఇళ్లూ అంతే. కింద వాటాలో వీళ్లు, పై వాటాలో వాడు. "పొద్దున మొదలైన పోట్లాటను సాయంత్రానికి మోసుకురావక్కర్లేదు, అదే నడుచుకుంటూ వస్తుంది" అంటుంది ఆవిడ.

గొడవ టేపులతో మొదలైంది. గ్రంథాలయంలో పాత క్యాసెట్లు బీరువాల నిండా ఉన్నాయి. వాటిలో ఉన్న పాఠ్యపుస్తకాలు కావాలని పరీక్షలకు చదువుకునేవాళ్లు ఎన్నాళ్లనుంచో అడుగుతున్నారు. ఆ ఏడాది మేడం, అంటే గ్రంథాలయానికి పెద్దావిడ, టేపులన్నీ సర్వర్‌లోకి ఎక్కించమంది. బావమరిది చేతికి పని దొరికితే వదిలే రకం కాదు. ఎక్కించిన శబ్దంలో గరగర తీసేసి, అధ్యాయాలుగా కోసి, చిన్న ఫైళ్లుగా మార్చే ప్రోగ్రాములను ఒకదాని తర్వాత ఒకటి నడపాలనే ఓపిక లేక, అన్నిటినీ గుంపుగా వదిలేవాడు. అవి డిస్కు మీద పడి చదివేవి, రాసేవి, మళ్లీ చదివేవి.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"చెవిగారేనా? మీ పుస్తకానికి నత్తి వచ్చిందండీ."

ఫోన్ చేసింది టైపు టీచరమ్మ. ఏళ్ల తరబడి టైపు నేర్పి, వయసు మీదపడ్డాక చూపు పోగొట్టుకున్న మనిషి. మధ్యాహ్నం కాసేపు పుస్తకం వినకపోతే ఆవిడకు కునుకు పట్టదు. అప్పుడు వింటున్నది ఒక పెద్ద నవల. ఓడల రేవులో తప్పిపోయిన చెల్లెలి కోసం ఊరూరూ తిరిగే ఒక అక్క కథ.

"నత్తంటే ఎలా అండీ?"

"'తలుపు తీ' అని ఆగుతుంది. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాను. ఎప్పటికో 'సింది' అంటుంది. తలుపు తీసింది సరే, ఈలోపు నా ప్రాణం తీసింది కదండీ!"

చెవిగారు ముందు ఫోన్ లైన్లను అనుమానించాడు. లైన్లు బాగానే ఉన్నాయన్నారు. ఆ వారంలోనే ఇంకొందరు అదే మాట చెప్పడంతో, లేచి సర్వర్ గదిలోకి వెళ్లి పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మామూలుగా గుటక వేసినట్టు అప్పుడొకటి అప్పుడొకటి వినబడే డిస్కు చప్పుడు, ఇప్పుడు ఊపిరి తిప్పుకోకుండా పటపటమంటోంది.

వరండాలోకి వచ్చి కేకేశాడు. "ఒరేయ్, నీవన్నీ ఒక్క నిమిషం ఆపు."

చప్పుడు సద్దుమణిగింది.

"ఇప్పుడు మొదలుపెట్టు."

పటపటలు మళ్లీ మొదలయ్యాయి.

"దొంగ దొరికాడ్రా!"

"ఎవరు బావా?" అంటూ బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వే."

విషయం చిన్నదే. పుస్తకాలున్న డిస్కు ఒక్కటి. అడిగేవాళ్లు చాలామంది. ఫోన్లో పుస్తకం వినేవాళ్లకు కావలసింది గోరంత, కానీ సమయానికి అందాలి. టేపుల పనికి కావలసింది కొండంత, కాస్త వెనకాముందైనా కొంప మునగదు. కానీ డిస్కుకు ఈ తేడా తెలియదు. బావమరిది ప్రోగ్రాములు కొండను ముందు పెట్టేసరికి, టీచరమ్మ గోరంత దాని వెనక ఎక్కడో ఇరుక్కుంటోంది.

దీనికో ఉపాయం ఉందని చెవిగారికి తెలుసు. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. కొన్ని ప్రాసెస్‌లను కలిపి ఒక గుంపు కట్టొచ్చు. వాటికి పుట్టే పిల్ల ప్రాసెస్‌లు కూడా ఆ గుంపులోకే చేరతాయి. ఆపైన, ఈ గుంపంతా కలిసి ఈ డిస్కునుంచి సెకనుకు ఇంతకు మించి చదవకూడదు, ఇంతకు మించి రాయకూడదు అని హద్దు పెట్టొచ్చు. ఆయన రెండు గుంపులు కట్టాడు. ఒకటి వినేవాళ్లది, ఒకటి టేపులది. టేపుల గుంపుకు హద్దు పెట్టి, ఆ సంగతి అందరికీ చెప్పాడు.

మర్నాటినుంచి పొగడ్తలే పొగడ్తలు. మేడం స్వయంగా ఫోన్లో పుస్తకం విని, "నీళ్లలా సాగిపోతోందండీ" అంది. కింద స్టూడియోవాళ్లు కూడా భలే ఉందన్నారు. బావమరిది మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. ఇంటికెళ్లి అక్క దగ్గర పంచాయితీ పెట్టాడు.

"బావ నా పీక మీద కాలేశాడక్కా. మధ్యాహ్నానికి అయిపోయే పని సాయంత్రానికి కూడా అవట్లేదు."

"పీక మీద కాలుంటే ఇంత గట్టిగా ఎలా అరుస్తున్నావురా?" అంది ఆవిడ.

వీళ్లందరి మధ్యలో టీచరమ్మ ఒక్కతే, "ఏమీ మారలేదు బాబూ, నత్తి నత్తిగానే ఉంది" అంది. ఆవిడ పేచీకోరేమోనని చెవిగారికి ఒక క్షణం అనిపించింది. మరుక్షణం సిగ్గేసింది. ఏళ్ల తరబడి టైపు మిషన్ల టకటకలు విని, ఎవరి వేలు ఏ అక్షరం మీద తడబడిందో చెప్పిన మనిషి. ఆవిడ చెవిని కాదని మేడం పొగడ్తను నమ్మడమేమిటి?

కూర్చుని మొదటినుంచీ చూసుకున్నాడు. గుంపులు సరిగ్గానే ఉన్నాయి. హద్దూ ఉంది. కానీ హద్దు పెట్టేటప్పుడు డిస్కును అంకెలతో చెప్పాలి. ఆ పెట్టెలో డిస్కులు రెండు. వానాకాలంలో ఒకటి పాడైతే మార్చారు, దాంతో వాటి అంకెలు తారుమారయ్యాయి. ఆయన పాత అంకెలే వేశాడు. హద్దు వెళ్లి, ఎవరూ వాడని ఖాళీ డిస్కు మీద కూర్చుంది.

సంగతి అర్థం కాగానే ఆయనకు నవ్వాగలేదు. ఒక్కడే గదిలో పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, ఏమయిందోనని బావమరిది వచ్చాడు.

"ఒరేయ్, నీ పీక మీద కాలేశానన్నావు కదా?"

"అవును. వేశావుగా."

"అది నీ పీక కాదురా. పక్కింటివాడిది. అది కూడా ఖాళీ ఇల్లు."

బావమరిదికి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అతను నవ్వలేదు. "మరి పని నెమ్మదించిందనిపించిందే నాకు!" అన్నాడు అమాయకంగా. చెవిగారు వెళ్లి మేడంకు తన పొరపాటు చెప్పాడు. ఆవిడ కాస్త తెల్లబోయి, "అయితే నీళ్లలా సాగినట్టు అనిపించిందేమిటండీ?" అంది. "మీ మంచితనం" అన్నాడాయన.

ఆ రోజే అంకెలు సరిచేశాడు. ఈసారి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు టీచరమ్మ తనంతట తనే ఫోన్ చేసింది. "బాబూ, నత్తి పోయింది."

కథ అక్కడితో కంచికి చేరాల్సింది. చేరలేదు.

ఎందుకంటే ఇప్పుడు బావమరిది పని నిజంగానే కుంటుపడింది. ఆ మాట చెబితే నమ్మేవాడు లేడు. "ఈసారి ఎవరి పీక?" అని స్టూడియోవాళ్లు ఏడిపించేవాళ్లు. నాన్నా పులి కథలో పిల్లాడిలా అయింది అతని పరిస్థితి. పోట్లాడటం కూడా మానేశాడు. ఒక సాయంత్రం చెవిగారి భార్య గిన్నెలు సర్దుతూ అంది.

"వాడు నిజం చెబుతున్నాడండీ."

"నీకెలా తెలుసు?"

"అబద్ధమైతే అరిచేవాడు. రెండు రోజులనుంచి పై వాటాలో చప్పుడే లేదు. మీరు వినలేదా, చెవిగారూ?"

ఆ చివరి మాట ఆయనకు చురుక్కున తగిలింది. మర్నాడు పెందలాడే, ఇంకా ఎవరూ ఫోన్ చేయని వేళకు, టేపుల గదికి వెళ్లి బావమరిది పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వినేవాళ్లు ఒక్కరూ లేరు. డిస్కుకు పనేమీ లేదు. అయినా టేపుల గుంపు, పెట్టిన హద్దు దగ్గరే ఆగి, చుక్కచుక్కగా సాగుతోంది. ఇంతలో ఫోన్ వచ్చింది. పరీక్షలకు చదువుతున్న ఒకమ్మాయి.

"అన్నయ్యా, చరిత్ర రెండో భాగం ఎక్కిందా?"

"ఇంకా లేదమ్మా. రేపో ఎల్లుండో."

"మొన్న కూడా అదే అన్నారు అన్నయ్యా."

బావమరిది ఫోన్ పెట్టేసి తర్వాతి టేపు అందుకున్నాడు. చెవిగారే నోరు విప్పాడు.

"తప్పు నాదేరా. రద్దీలో అడ్డు పెట్టాల్సింది పోయి, ఎప్పటికీ అడ్డు పెట్టేశాను. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కూడా నిన్ను ఆపుతున్నాను."

"నేను చెబుతూనే ఉన్నా కదా బావా."

"రెండుసార్లు చెప్పావు. అందులో ఒకటి అబద్ధం. ఏది ఏదో తేల్చుకోవద్దూ?"

బావమరిది చాలా రోజుల తర్వాత నవ్వాడు.

హద్దు బదులు తూకం పెట్టే పద్ధతి ఒకటుంది. ఇద్దరూ ఒకేసారి అడిగితే వినేవాళ్ల గుంపుకు పెద్ద వాటా, టేపుల గుంపుకు చిన్న వాటా. వినేవాళ్లు ఏమీ అడగనప్పుడు మొత్తం టేపులదే. దానికోసం డిస్కు దగ్గర వరస నడిపే పద్ధతిని కూడా మార్చాల్సి వచ్చింది. ఆ రోజంతా బావాబావమరుదులు సర్వర్ గదిలోనే గడిపారు. ఒకరు కమాండు వేస్తే, ఇంకొకరు అంకెలు పైకి చదివి సరిచూశారు. డిస్కు అంకెల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ముమ్మారు చదివించుకున్నాడు చెవిగారు.

సరిగ్గా ఉందో లేదో తేల్చేదెవరు? మళ్లీ పొగడ్తల మీద ఆధారపడదలచుకోలేదు. టీచరమ్మను ఆఫీసుకు పిలిచారు. ఆవిడ చేతికర్ర ఆనించి వరండాలో కూర్చుంది. బావమరిది తన దగ్గరున్న ప్రోగ్రాములన్నీ ఒక్కసారే వదిలాడు. టీచరమ్మ చెవి దగ్గర ఫోన్, చెవిగారి చెవి దగ్గర ఇంకో ఫోన్. ఇద్దరూ అదే నవల, అదే చోటునుంచి వింటున్నారు. ఆవిడ కుడిచేతి వేళ్లు బల్లమీద మెల్లగా తాళం వేస్తున్నాయి. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి.

"ఇక్కడ. కొత్త అధ్యాయం మొదట్లో. తుమ్మొచ్చి ఆగినట్టయింది."

చెవిగారికి అది అందనే లేదు. వెనక్కి తిప్పి వింటే నిజమే. వినేవాళ్ల తూకం ఇంకాస్త పెంచాడు. మళ్లీ విన్నారు. ఈసారి వేళ్లు ఆగలేదు. అధ్యాయం అయిపోయింది. ఇంకోటి మొదలైంది. పరీక్ష అయిపోయిందని చెప్పడం ఇద్దరూ మరిచిపోయారు. పక్కన నిలబడ్డ బావమరిది చివరికి గొంతు సవరించుకున్నాడు.

"బావా, బాగుందా లేదా?"

"ష్! అక్క రేవులోకి వచ్చింది" అన్నాడు చెవిగారు.

చరిత్ర రెండో భాగం ఆ వారమే ఎక్కింది. ఆ అమ్మాయి ఫోన్ చేసి, "ఇంత గబగబా ఎక్కిస్తే ఎప్పుడు చదవాలన్నయ్యా?" అని వాపోయింది. ఆ మాటను బావమరిది ఆఫీసంతా తిరిగి చెప్పాడు. పరీక్షలు మొదలయ్యేలోపు మిగిలిన పాఠ్యపుస్తకాలూ అయిపోయాయి. టీచరమ్మ చెవి ఎలాంటిదో చూశాక మేడం ఆవిడను వదల్లేదు. కొత్తగా రికార్డు చేసిన పుస్తకాలను బయటికి వదిలేముందు విని తప్పులు చెప్పే పని అప్పజెప్పింది. మొదటి వారంలోనే ఆవిడ చెవిగారి భార్య చదివినదానిలో రెండు తప్పులు పట్టింది. ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించింది ఎవరో చెప్పక్కర్లేదు. ఆ ఆనందానికి ఆయన ఒక పూట గిన్నెలు తోమాల్సి వచ్చింది.

చెవిగారికి మాత్రం కొత్త అలవాటొకటి అంటుకుంది. అన్నేళ్లుగా వేల పుస్తకాలు కాపాడుతూ వచ్చాడు గానీ, వాటిలో ఒక్కటీ కూర్చుని విని ఎన్నేళ్లయిందో గుర్తులేదు. ఆయన వినేది డిస్కును, సర్వర్ ఫ్యానును, లైన్లను. పుస్తకం నడుస్తోందా ఆగిందా అన్నదే చూసేవాడు, అందులో ఏం జరుగుతోందో పట్టించుకునేవాడు కాదు. ఇప్పుడు భోజనాల వేళ దాటగానే వడగళ్ల గొంతును ఆపేసి, ఫోన్ ఎత్తి, అక్క ఏ ఊరు చేరిందో వింటున్నాడు. ఆ నవల చదివింది తన భార్యేనని, అదీ పెళ్లయిన కొత్తలో చదివిందని ఆయనకు సగం దాటాక గాని తట్టలేదు.

"చివరికి చెల్లెలు దొరుకుతుందా?" అని ఆమెను అడిగాడు.

"మీకన్నా టీచరమ్మ ముందుంది. ఆవిణ్నే అడగండి."

అడిగాడు. టీచరమ్మ కోప్పడింది.

"చెబితే ఇంకేం వింటావయ్యా? సర్వర్ నీ చేతిలో ఉందని ముందుకు తిప్పి వినకు. వరసగా విను."

"అలాగేనండీ" అని ఫోన్ చెవికి ఆనించుకున్నాడు చెవిగారు. ఆవలి గదిలో బావమరిది కొత్త టేపుల పెట్టె విప్పుతూ ఈలవేస్తున్నాడు. నవలలో అప్పుడే వాన మొదలైంది.