మా ఇంటి గిన్తీ

మా నాయిన కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అన్నం కూడా గోడకు ఆనుకుని నిలబడే తినేవాడు. "జర కూసోని తినుండ్రి, కంచం ఎవలన్న గుంజుకపోతున్నరా?" అని అమ్మ విసుక్కునేది. ఆయన ఒక్క నిమిషం కూర్చుని, మళ్లీ లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు. ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇప్పటికే రెండుసార్లు లేచాను.

డెబ్బై ఒకటి యుద్ధం అయిపోయాక నాయిన పటాలం వదిలి జహీరాబాద్ వచ్చేశాడు. ఆ యుద్ధంలో గుండు పేలిన చప్పుడుకు ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఇక్కడ ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పని దొరికింది. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు. వచ్చాక ఇంట్లో ఆయన ముట్టుకోని పని లేదు. నా జడలు ఆయనే వేసేవాడు, అదీ నెత్తి తోలు లేచొచ్చేటంత గట్టిగా. జొన్నరొట్టె అమ్మకన్నా గుండ్రంగా కొట్టేవాడు. ఆదివారం వాకిట్లో మా అందరి చెప్పులూ వరుసగా పెట్టుకుని పాలిష్ చేస్తుంటే గల్లీ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు.

ఎదురింటి పెద్దమ్మ ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది. "ఏందయ్యా, పెండ్లాం చెప్పులు గూడ తుడుస్తవా?"

"గీమె పొద్దుగాల లేసి ఇల్లంత ఊడుస్తది పెద్దమ్మా. నేను రెండు చెప్పులు తుడిస్తే ఏం తక్కువైత?" అన్నాడు నాయిన, బ్రష్ ఆపకుండానే.

అన్నీ బాగానే ఉండేవి, ఒక్క గిన్తీ తప్ప. పటాలంలో సాయంత్రం పూట జవాన్లను లెక్కపెట్టుకుంటారట. ఆ అలవాటు ఇంటికి తెచ్చాడు. దీపాలు పెట్టే వేళకు వాకిట్లో నిలబడి "గిన్తీ కరో!" అని కేక వేసేవాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే "ఏక్" అనాలి. నేను "దో". నాకన్నా మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు "తీన్". అప్పుడు నాయిన లెక్క సరిపోయిందన్నట్టు "పూరా" అని తనకు తానే చెప్పుకుని దర్వాజ గొళ్లెం పెట్టేవాడు. రోజు మొత్తంలో ఆయన భుజాలు కిందికి దిగేది ఆ ఒక్క క్షణమే.

రాయికోడ్‌లో అమ్మమ్మ ఇంటికి పోయినా ఇదే తంతు. మా చిన్నమ్మ పెండ్లిలో బాజాలు ఆపించి మరీ లెక్క పెట్టాడు మహానుభావుడు. బడిలో ఆడపిల్లలు నన్ను చూసి "దో వచ్చింది, దో వచ్చింది" అనేవాళ్లు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. ఒకరోజు తెగబడి అడిగాను.

"నేనేమన్న జవాన్‌నా? మేకనా, రోజు లెక్కవెట్టనీకి?"

"అను బిడ్డా. ఒక్క మాటనే గదా," అన్నాడు. కోప్పడితే బాగుండేది, తిరిగి కోప్పడేదాన్ని. పళ్లు కొరుకుతూ "దో" అన్నాను.

నేను కాలేజీలో చేరిన ఏడు, న్యాల్‌కల్ వైపు ఒక ఊరి జాతరలో కుస్తీలు పెట్టారు. తమ్ముడికి కుస్తీలంటే ప్రాణం. పెద్దయ్యాక నాయినలాగే పటాలంలో చేరతానని పొద్దున లేస్తే దండీలు తీసేవాడు. కిరాయి సైకిల్ తెచ్చుకుని నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, పొద్దుగూకేవరకు వస్త. జర ఆలస్యమైతే నువ్వే సంబాళించు." నేను సరేనన్నాను. కాలేజీలో స్నేహితురాలి హాజరు నేను పలకడం, నాది ఆమె పలకడం మాకు మామూలే. అదే అతితెలివి ఇంట్లో చూపించాను.

దీపాల వేళ అయింది. వాడు రాలేదు. నాయిన కేక వేశాడు. అమ్మ "ఏక్" అంది. నేను "దో" అని, గబగబా బావి వెనక్కి పోయి, గొంతు మందం చేసి "తీన్" అన్నాను. ఆయన చెవిటి చెవి అటే ఉంది. "పూరా," అన్నాడు నాయిన. గొళ్లెం పెట్టాడు. నాకు నవ్వాగలేదు. గెలిచాననుకున్నాను, పాడుబుద్ధి! వాడు మిద్దె మీద పడుకున్నాడని అమ్మతో చెప్పి, వెనక గోడ దూకి వస్తాడులే అని పడుకున్నాను. మేలుకుని ఉండాలనే అనుకున్నాను, నిద్ర పట్టేసింది. నాయిన కూడా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. లెక్క సరిపోయింది కదా!

తెల్లారాక చెరుకు బండి ఒకటి మా వాకిట ఆగింది. చెరుకు మీద గొంగడి, గొంగడి మీద తమ్ముడు. దారిలో రోడ్డు కింది మోరీ దగ్గర సైకిల్ జారి కిందపడ్డాడట. కాలు విరిగి లేవలేక, అరిచినా వినేవాళ్లు లేక తెల్లవార్లూ అక్కడే పడి ఉన్నాడు. నాయిన వాణ్ని చేతుల మీద దించుకుని, కాలు చూసి, నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"నిన్న తీన్ ఎవలన్నరు?"

"నేనే నాయినా."

కొడతాడని కళ్లు మూసుకున్నాను. కొట్టలేదు. వాణ్ని అదే బండిలో దవాఖానకు తీసుకుపోయాడు. సాయంత్రం అమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "లడాయిల గిట్లనే అయిందట బిడ్డా. ఒకడు ఎనకవడి రాకపాయె. ఆని దోస్తు ఆని నంబరు గూడ పలికిండట. మీ నాయిన పూరా అని సాబుకు చెప్పిండట. ఆ పిలగాడు మల్ల దొరకలే." ఇన్నేళ్లూ నేను వెక్కిరించింది దీన్నా అని గోడకు తల కొట్టుకున్నాను.

తమ్ముడి కాలు అతికింది కాని పొట్టిదైంది. పటాలం మాట మళ్లీ ఎత్తలేదు వాడు. నాయినకు లోలోపల ఊరటగానే ఉండేదేమోనని నాకొక అనుమానం. కాని నా తప్పు దానితో చెల్లదు. నాయిన గిన్తీ మానలేదు, ఒక్క మాట మాత్రం చేర్చాడు. "లేనోల్లు ఏడున్నరో చెప్పాలె. ఉన్నరని చెప్పొద్దు." నేను పెండ్లయి కోహీర్ పోయాక అమ్మ రోజూ "ఏక్" అని, ఆ వెంటనే "దో, కోహీర్‌ల ఉన్నది" అని చెప్పేదట. తమ్ముడు బీదర్‌లో రేడియోలు బాగుచేసే పనికి కుదిరాక వాడి సంగతీ ఆమే చెప్పేది. కోహీర్ జామపండ్లు తీసుకుని నేను వచ్చిన రోజున నాయిన నా నోటితో రెండుసార్లు "దో" అనిపించుకునేవాడు. అప్పటికి నాకు సిగ్గు పోయింది. గట్టిగానే అనేదాన్ని.

ఎనభైల చివర్లో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. దవాఖానలో రెండో రోజు మధ్యాహ్నానికే మాట పడిపోతూ వచ్చింది. డాక్టర్ మా ముఖాలు చూడకుండా మాట్లాడాడు. బీదర్‌కు కబురు వెళ్లింది, తమ్ముడు బస్సెక్కాడని తెలిసింది. నాయిన కళ్లు మూసుకునే పెదాలు కదిపాడు. "గిన్తీ."

"ఏక్," అంది అమ్మ.

"దో," అన్నాను.

ఆయన ఎదురు చూస్తున్నాడు. దుప్పటి మీద వేళ్లు కదులుతున్నాయి. అమ్మ నా జబ్బ గిల్లింది. "అను బిడ్డా. ఆని లెక్కనే అను. పానం కుదుటవడ్తది."

అనొచ్చు. ఆ గొంతు నాకు వచ్చు. నా పక్కనున్నది ఆ చెవిటి చెవే. నేను మంచం చుట్టూ తిరిగి వినపడే చెవి దగ్గర వంగాను. "తీన్, బీదర్ బస్సుల ఉన్నడు నాయినా. ఇంక రాలే. వస్తున్నడు."

ఆయన కళ్లు తెరిచాడు. లేవబోయాడు. లేవలేక, దుప్పటి కింద కాళ్లు చెప్పుల కోసం వెతుక్కున్నాయి. తలుపు వైపే చూస్తూ ఉన్నాడు. అలా చూస్తూనే పోయాడు. ఆ ఒక్క మాట అబద్ధం ఆడి ఉంటే నిమ్మళంగా పోయేవాడు కదా అని నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. మళ్లీ ఆ మంచం దగ్గర నిలబెడితే అబద్ధం ఆడగలనా అంటే, ఆడలేను. ఎటూ తేలదు. లేచి తిరుగుతాను.

అరగంటకు తమ్ముడు కుంటుకుంటూ, పరుగెత్తినంత పని చేస్తూ వచ్చాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. నాయిన చెయ్యి ఎత్తి తన తల మీద పెట్టుకుని "తీన్" అన్నాడు. ముగ్గురం ఉన్నాం. పూరా అనడానికి ఎవరికీ నోరు రాలేదు.