మాది కాని కుక్క బుగ్గవాపు

నేను తాడేపల్లిగూడెం నుంచి మండవల్లి దగ్గరి అత్తవారి ఊరికి కాపురానికి వెళ్ళింది పంతొమ్మిదివందల ముప్పైల మధ్యలో. మామగారు ఆ ఊరి మిషను బడికి హెడ్మాస్టరు. పాస్టరుగారు రాని ఆదివారాల్లో చర్చిలో వాక్యం చెప్పేదీ ఆయనే. ఆరు రోజులు పిల్లలకీ, ఏడో రోజు పెద్దలకీ పాఠాలు చెప్పీ చెప్పీ, ఎదుటివాళ్ళు మాట్లాడటమే ఒక చెడ్డ అలవాటని ఆయనకో నమ్మకం ఏర్పడిపోయింది.

మా పెరట్లో ఒక గోధుమరంగు కుక్క ఉండేది. అది మాది కాదు. ఆ సంగతి మామగారు రోజుకి రెండు మూడుసార్లు చెప్పేవారు. కుక్కకి ముద్ద పెట్టే ఇంట్లో క్రమశిక్షణ నిలవదన్నది ఆయన సిద్ధాంతం. మాది కాని ఆ కుక్క పొద్దున్న ఆయన వెంట బడిదాకా వెళ్ళి, సాయంత్రం ఆయన వెంటే తిరిగి వచ్చేది. దానికి పనీపాటా లేదు కనక వస్తోందని ఆయనే సర్దిచెప్పేవారు. కొత్తకోడల్ని కాబట్టి నేను తలూపేదాన్ని.

ఇంకో వింత ఆయన భోజనం. కొల్లేరు ఒడ్డు ఊరు కదా, వారానికి నాలుగు రోజులు చేపల పులుసే. అందరి పళ్ళేల్లోనూ ముళ్ళు కుప్పపడేవి. మామగారు మాత్రం పళ్ళెం పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, అందులో ఒక్క ముల్లు ఉండేది కాదు. యాభై దాటాక కూడా ఏం పళ్ళండీ మామయ్యగారివి అని అత్తగారి దగ్గర ఆశ్చర్యపోయాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక బడిలో సగం మంది పిల్లలకి గవదబిళ్ళలు వచ్చాయి. చెవుల కింద పసుపూ సున్నమూ పట్టించి, మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు దిగుతుందని తల్లుల నమ్మకం. గొలుసు లేనివాళ్ళు ఉన్నవాళ్ళనడిగి తెచ్చుకునేవారు. ఆదివారం చర్చిలో మామగారు ఈ గొలుసుల మీద ముప్పావుగంట మాట్లాడారు. బంగారానికీ బుగ్గకీ ఏం సంబంధమో చెప్పగలిగిన తల్లి ఎవరైనా ఉంటే లేచి నిలబడమన్నారు. ఎవరూ లేవలేదు. ఆయన మహా సంతోషంగా ఇంటికి వచ్చి, పులుసు మళ్ళీ అడిగి వేయించుకున్నారు.

మంగళవారానికి కుక్క ముఖం వాచింది. ఎడమ కంటి కింద బుగ్గ నిమ్మకాయంత లేచి, కన్ను సగం మూసుకుపోయింది. నోట్లోంచి చొంగ కారుతోంది. చొంగ సంగతి తెలిసి ఊరి పెద్దలిద్దరు వచ్చారు. కిందటేడు పిచ్చికుక్క కరిచి ఒక మనిషి పోయిన ఊరది, వాళ్ళ భయంలో తప్పేం లేదు. చొంగ కార్చే కుక్క కనిపిస్తే మర్నాడు బడిగంట కొట్టేలోగా చంపెయ్యాలని అప్పుడొక కట్టుబాటు చేసుకున్నారు. దాన్ని ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి బడిగోడకి అంటించింది మామగారే. "కుక్క తమది కాదు కదండీ మేష్టారూ?" అని పెద్దలు మర్యాదగా అడిగారు. ఆయన కాదన్నట్టు తలూపారు. అంత మాటకారి నోరు మూతపడటం చూసి నాకు నిజంగా జాలేసింది.

వాళ్ళు వెళ్ళాక ఆయన గృహవైద్యం పుస్తకం తీశారు. అందులో మనుషుల వాపుల గురించి బోలెడుంది, కుక్క ఊసే లేదు. ఏలూరు వెళ్ళి పశువుల డాక్టర్ని తీసుకొద్దామంటే, పడవ తిరిగి వచ్చేసరికి బడిగంట మోగిపోతుంది. చివరికి ఆయన అవి గవదబిళ్ళలేనని తేల్చారు. రోజూ బడికి వస్తోంది కనక పిల్లల దగ్గర్నుంచి అంటుకుందన్నారు. అంత చదువుకున్న మనిషి అంత ధీమాగా చెబితే నేనూ నమ్మాను. పసుపూ సున్నమూ పట్టించి, తన పైపంచె చింపి, దాని తలకీ మెడకీ కలిపి ఆయనే కట్టు కట్టారు. అది కిక్కురుమనకుండా కట్టించుకుంది.

మర్నాడు తెల్లారేసరికి అత్తగారి గొలుసు కనబడలేదు. ఇల్లంతా వెతికాం. నా ట్రంకుపెట్టె కూడా చూసుకోమన్నాను, ఒళ్ళు మండే అన్నాను. "ఛ, అవేం మాటలమ్మా" అంటూనే ఆవిడ పెట్టె అడుగుదాకా చూశారు. మేమింకా ఆ పనిలో ఉండగానే పెద్దలిద్దరూ కర్రలు పట్టుకుని దడి దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

అదే సమయానికి మాకు చేపలు పోసే ఆవిడ లంకల నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. సంగతి విని గంప దించి, పిచ్చిదైతే నీళ్ళు ముట్టదంటూ కుక్క ముందు నీళ్ళ చిప్ప పెట్టింది. అది తల ఒక పక్కకి వంచి, కుడివైపు నుంచి గతికింది. గవదలైతే చెవుల కింద వాస్తాయి గానీ ఇలా కంటి కింద, ఒక్క బుగ్గకే ఎందుకు వస్తుందని ఆవిడ అడిగింది. నోట్లోనే ఏదో ఉందంటూ కట్టు విప్పింది. కట్టులోంచి అత్తగారి గొలుసు జారి నేలమీద పడింది.

అత్తగారు ముందు నన్నూ, తరవాత మామగారినీ చూశారు. మామగారు వాన వస్తుందేమోనని ఆకాశం చూస్తున్నారు.

చేపలావిడ పైపంచె పీలిక చేతికి చుట్టుకుని, కుక్క పెదవి ఎత్తి, పైచిగుట్లోంచి ఒక ముల్లు లాగింది. జెల్లచేప ముల్లు. రంపంలా పళ్ళుంటాయి దానికి, దిగడమే గానీ వెనక్కి రాదు. వెనకాలే చీము బొటబొటా కారింది. కుక్క ఒక్క అరుపు అరిచి, వెళ్ళి మామగారి కాళ్ళ దగ్గర పడుకుంది.

"కుక్కేమో తమరిది కాదంటన్నారు. మరి జెల్ల తలకాయి ముళ్ళతో పాటు ఎవరెట్టారండీ దీనికి?" అంది ఆవిడ, ఆ ముల్లు పెద్దలకి చూపిస్తూ.

అత్తగారు నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు, నా పెట్టె ఇంకా తెరిచే ఉంది మరి. మామగారు ఆ ముల్లు వంక చూశారు.

"నేనేనమ్మా," అన్నారు. "రోజూ నేనే పెడతాను. అది మా కుక్కే."

పెద్దలు కర్రలు దించేసి, ముఖాలు పక్కకి తిప్పుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన బడికి వెళ్ళి గంట కొట్టారు. ఆ పూట గంట అవసరమైన దానికన్నా ఎక్కువసేపు మోగిందని నాకనిపించింది.

మధ్యాహ్నం అత్తగారు మామగారికి వడ్డించి, పళ్ళెం పక్కనే ఒక ఆకుదొప్ప పెట్టారు. అందులో అన్నం, చేప కలిపిన ముద్ద ఉంది.

"ముళ్ళు తీశానండి," అన్నారు. "ఇంక పెరట్లోకి దొంగతనంగా వెళ్ళక్కర్లేదు. గుమ్మం దగ్గర పెట్టండి, అదే వస్తుంది."

ఆయన తలెత్తకుండా అన్నం తిన్నారు. లేచాక పళ్ళెం తీస్తూ చూశాను. నేను కాపురానికి వచ్చాక మొదటిసారి, మామగారి పళ్ళెంలో ముళ్ళు మిగిలాయి.