ఎవరు చూశారండీ?

పామర్రులో గుడివాడ బస్సెక్కితే, పక్క సీటాయన కాళ్ళ దగ్గర రొయ్యల మేత బస్తా పెట్టుకుని కూర్చున్నాడు. మూతి సరిగా కట్టలేదు. ఎండుచేపల పొడి, తవుడు, ఇంకా పేరు తెలియనివేవో కలిసిన ఘాటు బస్సంతా పరుచుకుంది. ముందు సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కండక్టరు టికెట్టు కొట్టి గబగబా డ్రైవరు పక్కకు వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఊపిరి నిండా పీల్చాను. మల్లెల వాసనకు ఎవరో ఒకరు గుర్తొచ్చే అదృష్టవంతులు ఉంటారు. నాకు మేత బస్తా వాసనకు వకుళ మేడమ్ గుర్తొస్తారు. ఏ చెరువుకు వెళ్ళినా ఆవిడ ముందు బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు మేత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసేవారు. తాజాదో, ముక్కిపోయిందో అలా చెప్పేవారు. తర్వాత అదే చేత్తో మాకు పులిహోర పొట్లాలు పంచేవారు. "కాస్త చెయ్యి కడుక్కోండి మేడమ్" అంటే, "రొయ్యలు ఇదే తిని బతకట్లేదా? మీరేం వాటికంటే సుకుమారులా?" అనేవారు.

ఆవిడ నాకు దొరికింది నందివాడ దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద. అప్పుడు నేను ఒక మేత కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగేవాణ్ణి. షామియానా వేసి, రైతులను కూర్చోబెట్టి, మైకు పట్టుకుని, "మా మేత అలవాటైన చేప వల కోసం ఆగదండీ. పట్టుబడి రోజున తనే వచ్చి తక్కెట్లో కూర్చుంటుంది" అని చెబుతున్నాను. రైతులు నవ్వుతున్నారు. వెనక వరసలో ఒకావిడ చెయ్యెత్తారు. నేత చీర, అంచుకంతా బురద, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. "ఎవరు చూశారండీ?" అన్నారు. "చేప చూసిందండీ" అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వారు. నమ్మితే నమ్మండి, ఆ నవ్వుకు చెరువులోంచి ఒక శీలావతి చేప ఎగిరి గట్టు మీద, సరిగ్గా ఆవిడ కుర్చీ ముందు పడింది. నేను చెప్పిన వెయ్యి కోతలను జనం మొహమాటానికైనా నమ్మినట్టు తల ఊపారు గానీ, ఈ ఒక్క నిజాన్ని ఇంతవరకు ఒక్కరూ నమ్మలేదు.

ఆ వారంలోనే ఆవిడ నన్ను బందరు రమ్మన్నారు. చిలకలపూడిలో ఒక రోల్డ్ గోల్డ్ నగల దుకాణం మేడ మీద రెండు గదులు. అదే ఆవిడ కన్సల్టెన్సీ. మత్స్యశాఖలో ప్రభుత్వోద్యోగం వదులుకుని పెట్టుకున్నారు. చెరువుకు జబ్బు చేస్తే రైతు ఫోన్ చేస్తాడు. వెళ్ళి చూసి, నీళ్ళూ మట్టీ పరీక్ష చేసి, ఏం చేయాలో రిపోర్టు రాసి ఇవ్వాలి. పరీక్షలు చూడటానికి నస్రీన్ అనే అమ్మాయి ఉంది. "మరి నేనెందుకండీ?" అని అడిగాను. "నన్ను చూస్తే రైతులకు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినట్టు ఉంటుందట. ముడుచుకుపోతారు. మీరు ఓ కోత కోయండి, నవ్వుతారు. నవ్విన మనిషి ఏదీ దాచుకోడు" అన్నారు. రిపోర్టులు కూడా నన్నే రాయమన్నారు. అదే నాకు ఆశ్చర్యం. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదూ?

తాళాలిచ్చారు గానీ, తలుపు దగ్గరే కుర్చీ వేసుకు కూర్చున్నారు. రాసింది నేను పైకి చదవాలి. ప్రతి వాక్యానికీ ఆవిడ బల్ల మీద వేలితో తట్టి, "ఎవరు చూశారు?" అనేవారు. నీళ్ళు పచ్చబడ్డాయి. ఎవరు చూశారు? నేను చూశానండీ. రొయ్యలు సరిగా తినడం లేదు. ఎవరు చూశారు? రైతు చూశాడండీ. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గింది. నస్రీన్ మీటరు పెట్టి చూసిందండీ. రైతు తీవ్రమైన మనోవేదనలో ఉన్నారు. ఎవరు చూశారు? నేను కాగితం తిరగేసేవాణ్ణి. "కొట్టెయ్యండి. ఆయన వేదన ఆయన చెప్పుకుంటారు, మీకెందుకు?" అలా నా ముత్యాల్లాంటి వాక్యాలెన్నో ఆ బల్ల మీదే ప్రాణాలు విడిచాయి. మొదట్లో ఉడుకుమోత్తనంగా ఉండేది. తర్వాత తర్వాత, రాస్తున్నప్పుడే చెవిలో ఆ వేలి చప్పుడు వినిపించసాగింది.

ఏళ్ళు గడిచాయి. ఓ పొద్దున నస్రీన్ తన కంప్యూటర్లో ఏఐ పెట్టుకొచ్చింది. "బాబాయ్ గారూ, మనం చూసిన నాలుగు ముక్కలు చెబితే చాలు, రిపోర్టు అదే రాసేస్తుంది" అంది. అడిగింది. నా టీ మీద మీగడ కట్టకముందే తెర నిండా రిపోర్టు దిగిపోయింది. తెలుగు తప్పుల్లేవు. పైగా చదవడానికి హాయిగా ఉంది. నాకు వచ్చిన విద్య అదొక్కటే, నాలుగు ముక్కలిస్తే నలభై చేయడం. అది నాకంటే బాగా, అలుపూ ఆకలీ లేకుండా చేసేస్తోంది. ఇక ఈ మేడ మీద నాకు పనేముంటుంది? మేడమ్ కళ్ళజోడు సర్దుకుని మొదటి పేరా చదివారు, రెండోది చదివారు, నవ్వారు. "గోపాలం గారూ, మీకు తమ్ముడు పుట్టాడండీ" అన్నారు. ఆ రోజు నుంచీ మా ఆఫీసులో దాని పేరు తమ్ముడే.

ఆ రోజుల్లోనే గుడివాడ నుంచి మాలాంటి చిన్న కన్సల్టెన్సీ నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. "మేం చెరువుల చుట్టూ తిరగడం మానేశాం మేడమ్ గారూ! రైతు ఫోటో పంపితే చాలు, మేం రిపోర్టు పంపేస్తున్నాం" అన్నాడు. "మంచిదండీ, చెరువులే మీ దగ్గరికి వస్తున్నాయన్నమాట" అని ఈవిడ ఫోన్ పెట్టేశారు. మేడమ్ తొందరపడలేదు. వద్దనీ అనలేదు. ముందు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, "ఏ పని చేస్తుంటే మీకు ఆవలింతలొస్తాయి?" అని అడిగారు. పరీక్షల అంకెలను ప్రతి రైతుకూ తెలుగులో విడమర్చి టైపు చేయడం అంది నస్రీన్. బ్యాంకులకు ఇంగ్లీషు ఉత్తరాలు అన్నాను నేను. "అయితే ఆవలింతలన్నీ తమ్ముడికిచ్చేయండి. కళ్ళూ చెవులూ మాత్రం మనవే" అన్నారు. మొదట అంకెల పని ఒక్కటే ఇచ్చారు. అది కుదురుకున్నాకే ఉత్తరాలు. రైతు పేరూ ఊరూ తీసేయకుండా దానికి ఏదీ చెప్పనిచ్చేవారు కాదు. "జబ్బు చెప్పండి చాలు, ఇంటిగుట్టు దానికెందుకు?" అనేవారు. రైతుకు మాత్రం ఇది మర సాయంతో రాసిందని చెప్పి తీరాలి. నేను నసిగాను, నమ్మకం పోతుందేమోనని. ఆవిడ కిటికీలోంచి కింది దుకాణం వైపు చూపించారు. "వాళ్ళు బంగారమని అమ్ముతున్నారా? కవరింగ్ అని చెప్పే అమ్ముతున్నారు. అయినా ఎక్కడెక్కడి వాళ్ళో వస్తున్నారు కదా. మర వండింది, మనుషులు రుచి చూశారు అని చెప్పండి. ఎవరూ పారిపోరు."

ఎవరూ పారిపోలేదు. పారిపోవలసింది నేనే అనుకున్నాను. ఎందుకంటే కొన్నాళ్ళకు ఆవిడ, "ఇక మీదట రిపోర్టులు కూడా తమ్ముడే రాస్తాడు. మీరు రాయకండి గోపాలం గారూ. మీరు..." అంటుండగా దగ్గు తెర అడ్డం వచ్చింది. అది మామూలు దగ్గు కాదు. ఆ సాయంత్రమే ఆవిణ్ణి విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ వాక్యం అలా సగంలో ఆగిపోయింది. మిగతా సగాన్ని నేనే నాకు తోచినట్టు పూర్తి చేసుకున్నాను, ఉన్నదానికి కల్పించడం నాకు అలవాటే కదా. పాత మేత కంపెనీ మేనేజరుకు ఫోన్ చేస్తే, "మేత అమ్మడం మర్చిపోలేదు కదా?" అన్నాడు. "మర్చిపోవడానికి ముందు నేర్చుకోవాలి కదండీ" అన్నాను. నవ్వాడు గానీ రమ్మనలేదు. ఈ వయసులో ఎవరు మాత్రం రమ్మంటారు?

మేడమ్ ఇంటికి వచ్చి మంచం మీద ఉన్న రోజుల్లో దివిసీమ నుంచి కోటేశ్వరరావు గారు పిలిచారు. కోడూరు వైపు ఆయనకు రొయ్యల చెరువుంది. రొయ్యలు మేత తినడం తగ్గించాయి. అంతకు ముందు పంట ఆయనకు చేతికి రాలేదు. ఇది కూడా పోతే చెరువు వదులుకుని వలస పోవడమే అన్నారు. నస్రీనూ నేనూ వెళ్ళాం. నస్రీన్ నీళ్ళు తీసుకుంటుంటే, నేను ఆయన దిగులు మరిపించడానికి, కృష్ణ వరదలో కొట్టుకొచ్చి మా తాత చెరువు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరిన మొసలి కథ చెప్పాను. తిరిగొచ్చాక నస్రీన్ మేం చూసినవన్నీ తమ్ముడికి చెప్పింది. రిపోర్టు వచ్చింది. గాలి మరలు, అంటే నీళ్ళు చిలికి గాలి కలిపే యంత్రాలు, ఇంకా పెంచమని సలహా. పంపేముందు ఊరికే చదివాను. నడిమధ్యన ఒక వాక్యం: 'తెల్లవారుజామున గాలి స్తంభించిన వేళ రొయ్యలు గట్టు వారకు చేరుతున్నట్టు రైతు గమనించారు.'

ఎంత బాగుందో! అక్కడ సరిగ్గా అలాంటి వాక్యమే పడాలి. గాలి చాలకపోతే రొయ్యలు చేసేది అదే, సలహాకు అతికినట్టు సరిపోయింది. అందుకే నాకు అనుమానం వచ్చింది. నిజాలు అంత కుదురుగా, అడిగిన చోటికే వచ్చి కూర్చోవు. అలా కూర్చునేవి నా తక్కెట్లో చేపలే. "ఇది ఎవరు చూశారమ్మా?" అన్నాను. "మీతో అన్నారనుకున్నా బాబాయ్ గారూ" అంది నస్రీన్. "నీతో అన్నారనుకున్నా" అన్నాను నేను. కోటేశ్వరరావు గారికి ఫోన్ చేశాను.

"గట్టుకి రావడమా? లేదు బావగారూ. ఎవరన్నారు?"

"మా తమ్ముడన్నాడు లెండి. మరి మీరు చూసిందేంటి?"

"తూర్పువైపు నీళ్ళలో దింపిన ట్రేలో మేత మేతలాగే ఉంటంది. పడమటేపు ఖాళీ చేసేస్తన్నాయి. మొన్న చెప్దామనే అనుకున్నా. మీరేమో మీ మొసలికి ఉద్యోగం వేయించే దాకా ఊరుకోలేదాయె!"

మర్నాడు నస్రీన్ తూర్పువైపు అడుగు మట్టి తీయించింది. నల్లగా, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. రొయ్యలు అటు వెళ్ళకుండా తప్పించుకుంటున్నాయి. గాలి మరలు పెంచి ఉంటే ఆ విషమంతా లేచి చెరువంతా కలిసిపోయేది. ఆ వైపు మేత ఆపించి, నల్ల మట్టి తోడించాం. పంట మొత్తం దక్కిందని రాయాలని నా చెయ్యి దురదపెడుతోంది. కొంత పోయింది, ఎక్కువ దక్కింది. పట్టుబడి రోజున నేనూ గట్టు మీద ఉన్నాను, చూశాను.

మేడమ్ మంచం పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. "నస్రీన్ పట్టుకోలేనిది మీరెలా పట్టుకున్నారు?" అన్నారు సన్నగా. "నేనైతే అక్కడ అచ్చం అదే రాసేవాణ్ణండీ" అన్నాను. ఆవిడకు నవ్వొచ్చింది, నవ్వు వెంట దగ్గొచ్చింది, దగ్గులోనూ నవ్వుతూనే ఉన్నారు. కాసేపటికి నీళ్ళు తాగి, "అదే కదండీ ఆ రోజు చెప్పబోయింది. మీరు రాయకండి, మీరు చదవండి అని. కోతలు కోసేవాడికి కాక కోత ఇంకెవరికి తెలుస్తుంది? తమ్ముడికి ఇంట్లో పెద్దన్న అంటూ ఒకడుండొద్దూ?" అన్నారు. నేను మొసలి కథ మొదలుపెట్టాను. మొసలికి జీతం పెంచే ఘట్టం దగ్గర దుప్పట్లోంచి ఆవిడ వేలు మంచం పట్టె మీద తట్టింది. "ఎవరు చూశారు?" "మొసలి చూసిందండీ." మేడమ్ కళ్ళు మూసుకుని, మేత వాసన చూసేటప్పటి మొహంతో నవ్వుకున్నారు. ఆ వానాకాలం దాటలేదు ఆవిడ.

ఇప్పుడు ఆఫీసు నస్రీన్ నడుపుతోంది. తమ్ముడు రాస్తాడు. నేను పైకి చదువుతాను. బల్ల మీద తట్టే వేలు నాదే గానీ, ఆ చప్పుడు నాది కాదు.

ఇదంతా పక్క సీటాయనకు చెబుతుంటే గుడివాడ వచ్చేసింది. ఆయన బస్తా లేపబోతుంటే, అడిగి గుప్పెడు మేత తీసుకుని వాసన చూశాను. తాజాదే. "అన్నీ బానే ఉన్నాయి గానీ," అన్నాడాయన బస్తా మూతి బిగిస్తూ, "ఆవిడ నవ్వితే చేప ఎగిరొచ్చి పడ్డమేంటండీ బాబూ! ఎవరు చూశారండీ?"

'చేప చూసిందండీ' అనే అలవాటైన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నేను చూశానండీ" అన్నాను.