చల్లగా ఉండాల్సిన ట్రాన్సిస్టరు

పెళ్ళివారి పందిట్లో వెదురుకి మైకు హారను కడుతుంటే తెలిసింది, తంతి మేష్టారు పోయారని. నమ్మలేదు. ఊరందరినీ ఆటపట్టించేవాణ్ణి కదా, ఎవడో నన్నే ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కబురు తెచ్చినవాడు నవ్వలేదు. హారను సగం కట్టి దిగిపోయాను.

ఆమదాలవలస స్టేషనులో తంతులు, అదే టెలిగ్రాములు, కొట్టి రిటైరైన మనిషి ఆయన. మాకు పక్కిల్లు. ఇక్కడ కూర్చున్న మీలో చాలామందికి పుట్టుక కబురో చావు కబురో ఆయన వేళ్ళలోంచే వెళ్ళి ఉంటుంది. రిటైరయ్యాక సర్కారు లైసెన్సు తీసుకుని ఇంట్లోనే వైర్‌లెస్ పెట్టుకున్నారు. బరంపురంలో ఆయనకో స్నేహితుడు, పాత తంతి ఉద్యోగే. గొంతుకి ఆపరేషనై మాట పోయింది, మంచం దిగడు. దీపాలవేళ మా మేష్టారితో వైర్‌లెస్ కీ మీద తంతి భాషలో టకటకలాడించడమే ఆయనకి మిగిలిన మాట.

సరిగ్గా ఆ వేళకే మా వీధి కరెంటు నీరసపడేది. రిసీవరు బ్యాటరీ మీద నడిచేది కనక బరంపురం పిలుపు వినబడేది. జవాబు చెప్పే వాల్వుల సెట్టుకి మాత్రం ప్రాణం ఉండేది కాదు. అవతలాయన పిలిచి పిలిచి ఊరుకునేవాడు. ఆ రోజు మేష్టారికి అన్నం సయించేది కాదు.

అందుకని నా మైకుసెట్టు బ్యాటరీతో పనిచేసే ట్రాన్స్‌మిటరుకి పూనుకున్నారు. మొదట చేసింది నా బ్యాటరీని కల్లు తాగినట్టు తాగేసింది. తాగిందంతా ట్రాన్సిస్టర్లు వేడెక్కడానికే సరిపోయింది, ఏరియల్ దాకా చేరింది అంతంతమాత్రం.

“తలుపు సగం తీస్తే తోపులాటరా. తీస్తే బార్లా తియ్యాల, మూస్తే గడియెయ్యాల. కరెంటూ అంతే. సగంలో ఆపితే కాలిపోద్ది,” అనేవారు.

ట్రాన్సిస్టరుని స్విచ్చులాగ పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం, అదీ ఆయన పట్టుదల. మరీ వేగమైతే అవి అందుకోలేవని, తనకి అనుమతి ఉన్నవాటిలో బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ ఎంచుకున్నారు. అయినా మూయమంటే వెంటనే మూసుకునేవి కావు.

“మా బావమరిదిలాగున్నాయి మేష్టారూ. లెగమంటే లెగడు, తొంగోమంటే తొంగోడు.”

“అందుకే ఆడికీ ఒంట్లో ఏడి,” అన్నారు తలెత్తకుండా.

ట్రాన్సిస్టర్లని గట్టిగా తరిమే రాగితీగ చుట్టని విప్పి చుట్టేవారు, మళ్ళీ విప్పేవారు. “ఆ తీగతో నాకో గొలుసైనా అల్లి ఉంటే బాగుండును,” అనేవారు అమ్మగారు, మేష్టారి భార్య. ఇక బయటికెళ్ళే రేడియో అల అంచుల్ని గుండ్రం చెయ్యడానికి ఇంకో చుట్ట, కండెన్సరు. అదెందుకని అడిగితే, “నా పిలుపు మావోడికి ఇనబడాల. ఊరందరి రేడియోల్లో గోల సెయ్యడానికి ఇదేటి, నీ మైకనుకున్నావేటి?” అన్నారు.

వేడి చూడ్డానికి వేలే కొలత. ఆ పని నాది. వేలు పెట్టి, కాలినా కాలకపోయినా “అబ్బా” అని గెంతేవాణ్ణి. పెరట్లో ఉన్నా సరే పరిగెత్తుకొచ్చి బ్యాటరీ తీగ పీకేవారు. ఎన్నిసార్లు మోసపోయినా ఆ పరుగు మానలేదు.

ఒక సాయంత్రం అలవాటు కొద్దీ అరిచాను. ఆయన వచ్చారు, తీగ పీకారు, తన వేలు పెట్టారు. చల్లగా ఉంది. తీయలేదు. “ఒరే ఎదవా,” అని మాత్రం అని, తీగ మళ్ళీ తగిలించి కీ ముందు కూర్చున్నారు. బరంపురం జవాబిచ్చింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏమన్నాడని అడిగాను.

“ఇన్నాళ్ళూ నేను సచ్చిపోయాననుకున్నాడట.”

మొన్న ఆయన్ని వీధిలో పడుకోబెట్టినప్పుడు చేతిమీద వేలు పెట్టాను. “అబ్బా” అన్న కేక నోటిదాకా వచ్చింది. పరిగెత్తుకొచ్చే మనిషి లేడు. మింగేశాను.

బరంపురానికి తంతి ఇచ్చాం. అందిందని జవాబూ వచ్చింది. అయినా మైల రోజుల్లోనే ఓ సాయంత్రం బ్యాటరీ తెమ్మని అమ్మగారు కబురు పెట్టారు. నిండా చార్జి చేసి తెచ్చి ట్రాన్స్‌మిటరుకి తగిలించాను. దీపాలవేళకి రిసీవరు పలికింది. నాకు గుర్తుపట్టడం తెలిసిన టకటకలు అవి మాత్రమే, మేష్టారిని పిలిచే పిలుపు. ఓసారి వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది.

కీ ముట్టుకునే విద్యా లైసెన్సూ మా ఇద్దరికీ లేవు. ఆయన కూర్చునే ముందు చూసినట్టే అమ్మగారు ట్రాన్సిస్టరు మీద వేలు పెట్టారు.

“సల్లగానే ఉన్నాదిరా,” అన్నారు.

పిలుపు ఆగేదాకా ఆ వేలు తీయలేదు.